ఎవరిని అడిగారో ముందు చెప్పండి

ఈమధ్య ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివే ఒక అమ్మాయి తన డిసర్టేషన్ డ్రాఫ్టు ఒకసారి చూసిపెట్టమని తెచ్చింది. నర్సంపేట వైపు కొన్ని ఊళ్లలో కౌలు రైతుల అప్పుల మీద చేసింది. నాలుగో అధ్యాయం మొదలుపెట్టాక మధ్యలో ఆపబుద్ధి కాలేదు. విత్తనం పడకముందే కౌలు పైసలు భూమి ఆసామి చేతిలో పెట్టాలి. దానికి ఎరువుల దుకాణంలోనే అప్పు. పంట చేతికొచ్చాక కొనేది ఆ దుకాణదారే, ధర చెప్పేది ఆయనే, వడ్డీ పట్టుకునేదీ ఆయనే. ఇదంతా రైతుల మాటల్లోనే, ఎక్కడా రంగు పూయకుండా రాసింది.

దానికి ముందున్న మూడో అధ్యాయంలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "సింపుల్ రాండమ్ శాంప్లింగ్ పద్ధతిలో వందకు పైగా కౌలు రైతులను ఎంపిక చేయడమైనది."

జాబితాలోంచి లాటరీ తీసినట్టు తీస్తేనే రాండమ్. ఏ జాబితాలోంచి ఎంపిక చేశావమ్మా అని అడిగాను. జాబితా ఏమీ లేదు. వాళ్ల మేనమామ ఒక రైతును పరిచయం చేశాడు. ఆయన ఇంకో ఇద్దరిని చూపించాడు. వాళ్లు పక్క ఊరిలో తమ బావమరిదికి ఫోన్ చేసి చెప్పారు. అట్లా సాగింది. మరి అదే రాయొచ్చు కదా అంటే, "రాండమ్ అని లేకపోతే వైవాలో ఒప్పుకోరు మేడమ్. సీనియర్లందరూ గట్లనే రాసిండ్లు" అంది.

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతుంటాను. సోషల్ వర్క్ పిల్లలూ, రూరల్ డెవలప్‌మెంట్ పిల్లలూ, అప్పుడప్పుడు ఎన్జీవోల వాళ్లూ ఇట్లా కాగితాలు పట్టుకుని వస్తుంటారు. ఆ వాక్యం నాకు కొత్త కాదు. అయితే ఇన్నాళ్లూ దాన్ని పిల్లల తెలియనితనం అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. అది తెలియనితనం కాదు. ఆ అమ్మాయికి తను చేసింది రాండమ్ కాదని బాగా తెలుసు. తను చేసిన మంచి పనికి మనం గౌరవం ఇవ్వబోమని కూడా తెలుసు. అందుకే ఇంకో పేరు పెట్టింది.

నా వాదన ఇది. రాండమ్ కాని శాంపిల్ తక్కువ జాతి శాంపిల్ కాదు. చాలా ప్రశ్నలకు మన దగ్గర అదొక్కటే దారి. కాకపోతే దానికి రాండమ్ అని పేరు తగిలించిన క్షణం అది రెండు వైపులా చెడుతుంది: రాండమ్‌కి ఉండే బలం ఎలాగూ రాదు, తనకున్న అసలు బలం కూడా కనిపించకుండా పోతుంది.

జాబితాలో లేని మనుషులు

సింపుల్ రాండమ్ అంటే అందరి పేర్లూ ఉన్న జాబితా ఒకటి ముందు ఉండాలి. ప్రతి పేరుకూ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలియాలి. కౌలు రైతుల జాబితా మన దగ్గర ఎక్కడుంది? ఉమ్మడి రాష్ట్రంలో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి, కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇస్తామన్నారు. ఊళ్లో ఆ కార్డు చూపించగలిగే కౌలు రైతు దొరకడమే కష్టం. 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు, తర్వాత 5,000. అది పట్టాదారుకే ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారుకే. ధరణి పోర్టల్ వచ్చాక పహాణీలో (ఊరి భూముల రికార్డులో) అనుభవదారు కాలమే లేకుండా పోయింది. అంటే దున్నేవాడి పేరు రాసుకునే గడి కూడా కాగితం మీద లేకుండా చేశారు.

ఇప్పుడు ఒక పరిశోధకురాలు చాలా నిష్ఠగా, పాసుపుస్తకాల జాబితా తీసుకుని, రాండమ్ నంబర్ల పట్టిక ముందు పెట్టుకుని ఎంపిక చేసిందనుకోండి. పుస్తకం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ జాబితాలోంచి వచ్చేది భూమి ఉన్నవాళ్ల పేర్లు. వాళ్లలో కొందరు హైదరాబాద్‌లో ఉంటారు, కొందరు అమెరికాలో ఉంటారు. కౌలుకు తీసుకుని ఒళ్లు వంచి పని చేసేవాడికి సెంటు భూమి లేకపోతే ఆ శాంపిల్‌లో పడే అవకాశం సున్నా. తప్పు జాబితా మీద చేసిన రాండమ్ కంటే, జాబితా లేదని ఒప్పుకుని మనిషి వెంట మనిషిని వెతుక్కుంటూ పోయిన పిల్ల పనే నాకు ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది.

దీనికి స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు వెంటనే ఒక మాట అంటారు. అనాలి కూడా. జాబితా లేకపోతే తయారు చేసుకోవచ్చు కదా, జాతీయ నమూనా సర్వే వాళ్లు 1950 నుంచీ చేస్తున్నది అదే కదా అని. నిజమే. వాళ్లు ముందు ఊళ్లను ఎంపిక చేస్తారు, ఊరికి వెళ్లి ఇళ్లన్నీ రాసుకుంటారు, ఆ రాసుకున్నదాంట్లోంచి మళ్లీ ఇళ్లను తీస్తారు. గణాంకవేత్త మహలనోబిస్ మనకు ఇచ్చిపోయిన ఈ పద్ధతి మీద నాకు చాలా గౌరవం ఉంది. ఎవరి ఇష్టానికీ చోటు లేకుండా ఎంపిక జరగడం చిన్న విషయం కాదు. కానీ ఒక్క పిల్ల, బస్సు పాసుతో, సెమిస్టర్ అయిపోయేలోపు ఊరూరా ఇళ్ల జాబితా రాయలేదు. రాసినా ఇంకో అడ్డు ఉంది. ఎవరిని అడగాలో రాండమ్ నిర్ణయిస్తుంది, అవతలి మనిషి ఏం చెబుతాడో నిర్ణయించదు.

ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో ఒక పేజీ నేను రెండుసార్లు చదివాను. మొదట తను ఒక్కతే వెళ్లి అడిగినప్పుడు ఒక పెద్దాయన అన్నాడట: "కౌలేం లేదు బిడ్డా, మా పాలోళ్ల భూమే చూసుకుంటాన." చేతిలో ప్యాడ్, మెడలో ఐడీ కార్డు చూసి ప్రభుత్వం మనిషి అనుకున్నాడు. కౌలు అని నోటితో అంటే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని ఆసామికి భయం, ఆసామికి కోపం వస్తే భూమి పోతుందని ఈయనకు టెన్షన్. మర్నాడు మేనమామ వెంట వచ్చి, "మా మేనకోడలే, చదువుకొరకు అడుగుతాంది. చెప్పు బావా, ఏం కాదు" అన్నాడు. అప్పుడు కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఎకరాల లెక్క నుంచి బిడ్డ పెళ్లి అప్పు దాకా చెప్పాడు. రాండమ్‌గా ఆయన ఇంటి నంబర్ వచ్చి ఉంటే ఆ కాగితంలో "కౌలు లేదు" అని పడేది. ఆ "లేదు" అంకెల్లో కలిసిపోయేది.

ములుగు ఏజెన్సీ ఊళ్లలో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరుడికి భూమి అమ్మడమే కాదు, కౌలుకివ్వడం కూడా చెల్లదు. అందుకని జరిగే కౌలు ఏదైనా నోటి మాటగానే జరుగుతుంది. పరిచయం లేని మనిషికి దాని గురించి ఎవరు చెబుతారు?

గెలిచినదీ రాండమ్ కాదు

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల కథ క్లాసులో అందరం చెబుతాం. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి బ్యాలెట్లు పంపింది, 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, లాండన్ గెలుస్తాడని రాసింది, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. గ్యాలప్ అనే సర్వే నిపుణుడు యాభై వేల మందితో సరిగ్గా చెప్పాడు. ఇక్కడికి వచ్చి, "చూశారా, అందుకే రాండమ్ శాంపిల్" అని ముగిస్తాం. ఈ ముగింపు నిజం కాదు. గ్యాలప్ వాడింది కోటా పద్ధతి. ఆడవాళ్లు ఇంతమంది, మగవాళ్లు ఇంతమంది, ఫలానా వయసు వాళ్లు ఇంతమంది అని చెప్పి, ఆ లెక్కలో ఎవరిని పట్టుకోవాలో సర్వే చేసేవాళ్లకే వదిలేయడం. అదీ రాండమ్ కాదు. ఆ రోజు ఓడినదీ గెలిచినదీ రెండూ నాన్ ప్రాబబిలిటీ శాంపిళ్లే, అంటే రాండమ్ కానివే. ఒకటి తనకు ఎవరు జవాబిస్తున్నారో పట్టించుకోలేదు, ఇంకోటి పట్టించుకుంది. తేడా అక్కడుంది.

పట్టించుకోవడం ఒక్కటే సరిపోదని 1948 ఎన్నికల్లో తేలింది. గ్యాలప్, రోపర్, క్రాస్లీ ముగ్గురు సర్వే నిపుణులూ డ్యూయీ గెలుస్తాడన్నారు, ట్రూమన్ గెలిచాడు. తర్వాత జరిగిన విచారణలో రెండు లోపాలు ముఖ్యంగా బయటపడ్డాయి. సర్వే మరీ ముందే ఆపేయడం ఒకటి. రెండోది, కోటా లోపల ఎవరిని అడగాలో సర్వేయర్ ఇష్టానికి వదిలేస్తే, చదువుకున్నవాళ్లూ సులువుగా దొరికేవాళ్లూ ఎక్కువ పడటం.

ఈ రెండో లోపం చూడ్డానికి అమెరికా దాకా పోనక్కర్లేదు.

పదకొండు గంటల ఊరు

మిర్చి ఏరే రోజుల్లో పర్వతగిరి వైపు ఏ ఊరికైనా పొద్దున పదకొండింటికి వెళ్లి చూడండి. కూలీల ఆటోలు తెల్లారకముందే వెళ్లిపోయి ఉంటాయి. ఒక్కో ఆటోలో సద్ది డబ్బాలు పెట్టుకుని, తలకు గుడ్డలు చుట్టుకుని, ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్లు. మళ్లీ పొద్దుగూకాకే ఇల్లు చేరేది. పదకొండింటికి ఊళ్లో కనిపించేది కిరాణా కొట్టు ఆయన, గద్దె మీద కూర్చున్న ముసలివాళ్లు, సెలవుకు వచ్చిన పిల్లలు, అంగన్‌వాడీ టీచర్. సర్వే కుర్రాడు హనుమకొండ నుంచి బస్సు దిగేది సరిగ్గా ఆ వేళకే. "ముప్పై ఐదు దాటిన ఆడవాళ్లు" అని కోటా ఇస్తే ఆ ఉన్నవాళ్లలోంచే నింపుకొస్తాడు. వయసు సరిపోతుంది, కులం సరిపోతుంది, గడులన్నీ నిండుతాయి. ఊరి ఆడవాళ్లలో మిర్చి చేన్లకు పోయేవాళ్లు మాత్రం ఆ కాగితంలో ఉండరు.

కుర్రాణ్ని తప్పు పట్టి లాభం లేదు. ఒక్కో ఫారానికి ఇంత అని డబ్బు. సాయంత్రం ఆరు తర్వాత ఉంటే చివరి బస్సు పోతుంది. ఫారం మీద "ఎన్ని గంటలకు అడిగారు" అన్న గడి ఒకటి పెట్టి, రిపోర్టులో ఆ గడిని కూడా అచ్చు వేస్తే చాలు, చదివేవాడికి సగం సంగతి తెలిసిపోతుంది. నేను చూసిన రిపోర్టుల్లో ఆ ఒక్క గడి ఎప్పుడూ లేదు. పేజీల కొద్దీ బార్ చార్టులు మాత్రం ఉంటాయి.

ఇక్కడ మా స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ లెక్చరర్ గారి అభ్యంతరం చెప్పాలి. ఆయన మాటను తేలిగ్గా తీసుకోలేను. "నువ్వు రాండమ్ కాని శాంపిళ్లకు తలుపు తీస్తే పిల్లలు ఊళ్లకే పోరమ్మా. గూగుల్ ఫారం ఒకటి చేసి వాట్సాప్ గ్రూపుల్లో వేస్తారు. కన్వీనియెన్స్ శాంపిల్, అంటే సులువుగా దొరికినవాళ్లు, అని రాసి చేతులు దులుపుకుంటారు" అన్నారు. కరోనా టైమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఆన్‌లైన్ చదువులు ఎలా ఉన్నాయని ఆన్‌లైన్ ఫారంలోనే అడిగారు. ఫోన్ లేని పిల్లలకు ఆ ప్రశ్నే అందలేదు.

సైజు పెరిగితే ఈ జబ్బు తగ్గదు, ముదురుతుంది. హార్వర్డ్‌లో స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ షావ్‌లీ మెంగ్ 2018లో ఒక లెక్క వేసి చూపించాడు. 2016 అమెరికా ఎన్నికల సర్వేల్లో జవాబిచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ మధ్య ఉన్న చిన్న తేడా వల్ల, 23 లక్షల మంది జవాబులకు ఉన్న విలువ నాలుగు వందల మంది అసలైన రాండమ్ శాంపిల్‌తో సమానమని తేలింది. అందుకని వెయ్యి ఫారాలు వచ్చాయని మురిసిపోయే పిల్లలను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

అయినా సరే, ఆ సార్‌కి నేను చెప్పింది ఒకటే. తలుపు ఇప్పటికే తెరిచి ఉంది. పిల్లలు రాండమ్ అని రాస్తూ గూగుల్ ఫారాలే తెస్తున్నారు. ఎవరిని, ఎవరి ద్వారా, ఏ వేళప్పుడు, ఎక్కడ కలిశారో, ఎవరు కాదన్నారో ఒక పేజీ రాయమంటే, కూర్చున్నచోట చేసిన పని ఆ పేజీలోనే బయటపడుతుంది. ఊళ్లు తిరిగిన పిల్లకు ఆ పేజీయే బలం అవుతుంది.

జెండా పాట

కావాలని ఒకరిని ఎంచుకోవడం కూడా తప్పు కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్‌లో రోజూ జరిగే పని అదే. బస్తాలు వరసగా పేర్చి ఉంటాయి. ఖరీదుదారులు బస్తా చీల్చి గుప్పెడు కాయలు లాగి, రంగు చూసి, విరిచి తేమ చూసి, పక్కకు పోతుంటారు. ఆ వచ్చిన సరుకులో మేలైన లాటు మీద జెండా పాట, అంటే వేలం, పాడతారు. ఆ ధర మర్నాడు పేపర్లో వస్తుంది. పరకాలలో అది చదివిన రైతు ట్రాలీ మాట్లాడుకుని వస్తాడు. అతని బస్తాకు ఆ ధర రాదు. అడ్తిదారుతో గొడవ. జెండా పాట ఒక ధర, కొనేది ఇంకో ధర అని రైతులు రోడ్డెక్కింది కూడా దీని మీదే.

మార్కెట్ రికార్డులో మాత్రం మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. జెండా పాట గరిష్ఠం అని అక్కడ స్పష్టంగానే ఉంటుంది. పేపరు హెడ్డింగులో ఆ మాట జారిపోతుంది. శాంపిళ్ల సంగతీ ఇంతే. ఒక సంస్థ తన పథకంలో బాగా నిలదొక్కుకున్న మహిళా సంఘాన్ని ఎంచుకుని, ఎట్లా నిలదొక్కుకుందో రాస్తే అది మంచి అధ్యయనం. అదే సంఘాన్ని చూపించి "జిల్లాలో సంఘాల పరిస్థితి" అని పేరు పెడితే, జెండా పాటను మార్కెట్ ధర అన్నట్టే.

ఎంత శాతం అని అడిగితే

నాకు అన్నిటికంటే బాధ కలిగించేవి దశాంశాలు. మేనమామ చూపించిన మనిషి చూపించిన మనుషుల్లో ఇంత శాతం మంది ప్రైవేటు వడ్డీకి తెచ్చారని, చుక్క పెట్టి రెండు అంకెలు వేసి, కింద కై స్క్వేర్ టెస్టు చేసి, "జిల్లాలోని కౌలు రైతుల్లో" అని ముగిస్తారు. ఆ టెస్టు నిలబడేది ఎంపికలో చెయ్యి పడనప్పుడే. అభిప్రాయ సేకరణ పరిశోధకుల అమెరికా సంఘం ఆపోర్ 2013లో దీని మీద ఒక కమిటీ రిపోర్టు ఇచ్చింది. నాన్ ప్రాబబిలిటీ శాంపిళ్లను అది కొట్టిపారేయలేదు. ఏ పనికి వాడుతున్నారో ఆ పనికి సరిపోతే వాడొచ్చంది, ఎలా చేశారో దాచకుండా చెప్పాలంది. పొరపాటు ఇంత లోపే అని ప్లస్ ఆర్ మైనస్ అంకె తగిలించడానికి మాత్రం రాండమ్ శాంపిల్‌కి ఉన్న ఆధారం వీటికి లేదు.

ఇట్లా ఒకరు ఇంకొకరిని చూపించే గొలుసు పద్ధతి శాంపిల్ ఏం చెప్పగలదు? అప్పు ఎట్లా మొదలవుతుందో చెప్పగలదు. పంట ఏ దారిన దుకాణదారు చేతికి పోతుందో చెప్పగలదు. "ఇట్లా జరగదు" అని ఎవరైనా అధికారి అంటే "జరుగుతోంది" అని నిలబెట్టి చూపించగలదు. ఎంతమందికి జరుగుతోందో చెప్పలేదు. ఎందుకంటే గొలుసు ఒక గోడ దగ్గర ఆగుతుంది. ఆ అమ్మాయి గొలుసు ఎక్కడ ఆగిందో కాగితం మీద గీసి చూశాం. ఊరి పక్కనే ఉన్న తండాలోకి ఒక్క కొక్కెం కూడా వెళ్లలేదు. ఆడవాళ్ల పేర్లు దాదాపు లేవు, మగవాళ్లు మగవాళ్లనే చూపించారు. భర్త పోయి సొంతంగా కౌలు చేసుకునే ఆడవాళ్లు ఆ ఊళ్లలో ఉన్నారని తనకే తెలుసు. అందుకే మొదటి మనిషిని ఒకరినే పెట్టుకోకూడదు. ఒకరిని తండా నుంచి, ఒకరిని ఎస్సీ వాడ నుంచి, ఒకరిని మహిళా సంఘం ద్వారా పట్టుకుంటే గొలుసులు వేరువేరు దిక్కులకు పోతాయి. హెకథార్న్ అనే సోషియాలజిస్టు 1997లో మొదలుపెట్టి దీన్ని ఇంకొంచెం కట్టుదిట్టం చేస్తూ వచ్చాడు. ఒక్కొక్కరు చూపించే మనుషుల సంఖ్యకు హద్దు పెట్టడం, ఎవరు ఎవరిని చూపించారో రాసుకోవడం, ప్రతి ఒక్కరికీ తమలాంటివాళ్లు ఎంతమంది తెలుసో అడిగి ఆ లెక్కన తూకం సరిచేయడం. ఇదంతా ఎంఏ పిల్లలు చేయగలిగినదే. కనీసం ఎవరు ఎవరిని చూపించారో రాసుకోవడానికి నోట్‌బుక్ చాలు.

ఇక్కడ నాకూ ఒక సంకటం ఉంది. కలెక్టరేట్‌లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది?" అనే. శాతం లేకపోతే ఫైలు కదలదు. కౌలు రైతు తరఫున మాట్లాడేవాళ్లకు అంకె కావాలి, అంకె లేక వాళ్ల గొంతు తేలిపోతోంది. శాతం రాయొద్దని నేను చెబితే ఆ రైతుకే అన్యాయం చేస్తున్నానా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆలోచించి నేను తేల్చుకున్నది ఇది: ఆ అంకె ఇవ్వాల్సింది ప్రభుత్వం. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా బస్సులు ఆపి, దుకాణాలు మూసి, ఒక్కరోజులో ఇంటింటికీ తిరిగి సమగ్ర కుటుంబ సర్వే చేసిన రాష్ట్రం మనది. అంత చేయగలిగినవాళ్లు దున్నేవాడి పేరు రాసే గడి ఒకటి పెట్టి లెక్క తీయలేరా? ఆ పని జరగనందుకు, దాని బదులు ఒక విద్యార్థిని చేత దశాంశాలు పుట్టించడం న్యాయం కాదు. రేపు ఎవరైనా ఆ పద్ధతిని తప్పు పడితే, అంకెతో పాటు అసలు కథనూ పక్కన పడేస్తారు.

ఊరి పేరు

దారి అంతా రాయమన్నాక వచ్చే చిక్కు ఒకటుంది, దానికి సులువైన జవాబు లేదు. చిన్న ఊళ్లో దారి రాస్తే మనిషి దొరికిపోతాడు. "యాభై దాటిన, ఏడో తరగతి చదివిన, మూడెకరాలు మిర్చి పెట్టిన రైతు" అంటే ఊళ్లో ఆసామికి ఆయనెవరో వెంటనే తెలుస్తుంది. కౌలు మాటలు మళ్లీ ఉగాదికి మాట్లాడుకుంటారు. అప్పుడు ఆ భూమి ఇంకొకరికి పోవచ్చు. ఏజెన్సీలో అయితే కౌలు జరిగిందని రాయడమే ఆయన మీద కాగితం అవుతుంది.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలతో చేయిస్తున్నది ఇది. అచ్చులో మండలం పేరు దాకానే రాయిస్తున్నాను. "మేనమామ ద్వారా" అని కాకుండా "ఒక బంధువు ద్వారా". మనుషులకు పేర్ల బదులు నంబర్లు, ఏ నంబరు ఏ నంబరును చూపించిందో బాణాలతో గీసిన బొమ్మ ఒకటి. వయసు, ఎకరాలు, పంట మూడూ ఒకేచోట రాకుండా విడదీసి. అసలు నోట్‌బుక్ గైడ్ దగ్గర ఉంటుంది, వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే అక్కడే తెరిచి చూపించి మళ్లీ మూసేస్తారు. లైబ్రరీలో పెట్టే కాపీలో ఊరి పేరు ఉండి తీరాలనడానికి ఇప్పటిదాకా ఎవరూ నాకు కారణం చూపించలేదు.